బ్రతికియున్న తండ్రికి తిలోదకము లిచ్చిన చెంచమ్మ కథ

లోకమంతటిని రెప్ప వేయక చూచువాడును, చచ్చి పుట్టినాడని కన్నతల్లియే పారవేసినను మరల ఆమె యొడికే చేరి వెలిగినవాడును అగు మార్తాండునికి మ్రొక్కి ఈ కథ మొదలుపెట్టుచున్నాను. ఇంటిల్లిపాదియు వచ్చి కూర్చుండుడు. పొయ్యిమీద పాలున్నచో దింపి రండు. నడుమ లేచిపోదలచినవారు ఇప్పుడే లేచి పోవుట మేలు. ఈ కథ సగము విన్నవారికి భయము మిగులును గాని ఫలము దక్కదు.

పూర్వమొకప్పుడు గాలవ మహాముని రోమశ మహర్షి ఆశ్రమమునకు వచ్చి, పాదములంటి నమస్కరించి, యిట్లు ప్రశ్నించెను. మహాత్మా, కన్నవారితో మాట విడిచి, ఏండ్ల తరబడి మొగమైనను చూడక, ఎవరైన అడిగినచో మాకెవరును లేరు పొమ్మని చెప్పుకొనువారు లోకమున నానాటికి మెండగుచున్నారు. వారు చేయు పాప మెట్టిది, అది పోవు వ్రతమేదైన కలదా, దానిని మున్ను ఎవరాచరించిరి అని వినయముతో అడిగెను.

రోమశుడు ఎన్నో కల్పములు చూచినవాడు, దేనికిని బెదరనివాడని పేరు పొందినవాడు. అట్టివాడు సయితము ఉత్తరీయమును దగ్గరగా లాగుకొని యిట్లనెను. గాలవా, అడుగరాని దడిగితివి. అడిగితివి గనుక చెప్పక తప్పదు. వ్రతము చాల సులభము. చేసినదానిని నోరు విప్పి చెప్పుటయే కష్టము. అది నీకు తెలియవలెనన్న కుంభవరములోని చెంచమ్మ కథ వినవలెను. ఊరక తల ఊపుచు కూర్చుండకుము. భయము వేసినచోట భయపడుము, సిగ్గేమియు లేదు.

పినాకినీ నది యొడ్డున కుంభవరమను ఊరు కలదు. ఆ యూరి కుమ్మరులు చేసిన కుండలు ఎంత దూరము పోయినను చిట్లవని పేరు. అందు ఓబలయ్య యనువాడు సారె త్రిప్పుటలో దిట్ట. వాని భార్య లక్షుమమ్మ. లేక లేక కలిగిన ఆడుబిడ్డ చెంచమ్మ. ఓబలయ్య ఆ బిడ్డను సారె ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, బొమ్మకుండలు చేసి యిచ్చుచు, అరచేతిలో పెట్టుకొని పెంచెను.

చెంచమ్మకు పదియేండ్లు వచ్చిన యేట ఓబలయ్య బండి కట్టుకొని కుండలమ్ముటకు దూరపు తిరునాళ్లకు పోగా, ఇంట లక్షుమమ్మకు విషజ్వరము తగిలెను. రమ్మని ముమ్మారు కబురు పంపిరి. ముమ్మారును కబురు చేరెను. అతడు రాలేదు. నాలుగవనాడు ఆమె కన్ను మూసెను. ఏడవనాడు ఓబలయ్య వచ్చి గుమ్మము ముందు నిలిచి, తలుపు తీయుమని బిడ్డను పిలిచెను. చెంచమ్మ లోపల గడియ పెట్టుకొని పలుకలేదు. అతడు పొద్దు వాలువరకు పిలిచి పిలిచి, తిరిగి చూడక వెళ్లిపోయెను. ఆ పిలుపులన్నిటిని ఆమె తలుపునకు చెవి ఆనించి వినుచునే యుండెను. గాలవా, తప్పెవరిదని నన్నడుగకుము. తలుపునకు ఇవతల ఒకరు, అవతల ఒకరు ఏడ్చిరి. అంతవరకే నాకు తెలియును.

పెద్దమ్మ మునెమ్మ చెంచమ్మను చేరదీసి పెంచెను. చెంచమ్మ సారె నేర్చి, తండ్రిని మించిన పనితనము సంపాదించెను. ఆయన మాట ఎవరైన ఎత్తినచో లేచి అవతలికి పోవుచుండెను. ఇట్లు తొమ్మిదేండ్లు గడచెను.

అంతట గంగన్న యను నెమ్మదియైన కుమ్మరి పిల్లవానితో ఆమెకు పెండ్లి కుదిరెను. ముహూర్తమునకు నెల దినములున్నదనగా గాజుల మలారము మోయువా డొకడు వచ్చి, ఆమె చేతికి గాజులు తొడుగుచు ఒక కబురు చెప్పెను. నల్లగుట్ట యను కొండపల్లెలో ఇంటికప్పు పెంకులు చేసికొని బ్రతుకు ఒంటరివా డొకడున్నాడట. కుంభవరము పోవుచున్నావా, మా అమ్మాయి యెట్లున్నదో చూచి రా నాయనా అని కండ్లనీళ్లు పెట్టుకొనెనట. చెంచమ్మ, ఈ సంగతి మరెవరితోను అనకుమని వానిచేత ఒట్టు వేయించుకొని పంపెను.

ఇక పెండ్లి మాటలకు కులపెద్దలును పురోహితుడును కూడిరి. పెండ్లికొడుకు కాళ్లు కడుగువా డెవడని అడిగిరి. తండ్రి బ్రతికియున్నచో వెదకి తేవలెను, పోయినచో కర్మ జరుగవలెను, కర్మ జరుగని యింట పెండ్లిపందిరి లేవదని తేల్చి చెప్పిరి. అందరును చెంచమ్మ మొగము చూచిరి. నల్లగుట్టకు ఒక మనిషిని పంపిన సరిపోవునది. ఆమెకు ఆ మాట నాలుక చివరి వరకు వచ్చెను. గాలవా, రానిచ్చినదా?

"ఆయన పోయినాడు. నాకు నాయన లేడు" అనెను.

దేశాంతరము పోయి పండ్రెండేండ్లు కబురు లేనివానికి దర్భలతో బొమ్మ చేసి దహించి, కర్మ చేయుట లోకాచారము. ఎన్నేండ్లయినదని పురోహితుడడిగెను. మునెమ్మ తొమ్మిదని చెప్పుటకు నోరు తెరచెను. చెంచమ్మ ఆమె పాదము అదిమి పట్టి, పండ్రెండని చెప్పెను; కూతురి మాట గనుక పెద్దలు లెక్క కట్టలేదు. మునెమ్మ తల వంచుకొనెను. ఆ తల ఆమె మరల ఎన్నడును సరిగా ఎత్తలేదు.

ఏటి యొడ్డున దర్భబొమ్మను దహించిరి. కొడుకు లేడు గనుక చెంచమ్మయే పది దినములు నువ్వులు నీళ్లు విడిచెను. పదియవనాడు పిండము పెట్టి కాకులను పిలిచిరి. కాకులు వచ్చినవి. ఒడ్డు పొడుగున బారులు తీరి కూర్చున్నవి. ఒక్కటియు పిండము దగ్గరకు రాలేదు. జామైనది, రెండు జాములైనది. పోయినవానికి తీరని కోరిక యేదో ఉన్నదని పెద్దలు గుసగుసలాడిరి. అమ్మాయిని చల్లగా చూచుకొందుమని మునెమ్మ మాట యిచ్చెను. కాకులు కదలలేదు. పురోహితుని నొసట చెమట పట్టెను. ఆయన చెంచమ్మ దగ్గరకు వచ్చి, పోయినవాడు నిజముగా పోయినట్లేనా తల్లీ అని మెల్లగా అడిగెను.

"పొద్దు పోతా ఉంది సామీ. దర్భకాకిని చేయండి" అని చెంచమ్మ అనెను.

కాకి ముట్టనప్పుడు దర్భను కాకి ఆకారముగా ముడిచి పిండమునకు తాకించి, ముట్టినట్లే యని సరిపెట్టుకొనుట కలదు. అది విధి లేనప్పటి మాట. ఇక్కడ అబద్ధమునకు అది ఆసరా ఆయెను. పురోహితుడు దర్భకాకిని తాకించెను. ఆ క్షణమున కాకులన్నియు ఒక్కసారి లేచి, కావుమని ఒక్క కూతయైనను కూయక, నల్లగుట్ట దిక్కునకు పోయెను. అచ్చటనున్నవా రందరును గబగబ మునిగి, వెనుదిరిగి చూడక యిండ్లకు పోయిరి. నెల నిండక మునుపే పెండ్లియు జరిగెను. పందిరిలో అందరును కడుపార తినిరి. చెంచమ్మ తన విస్తరిని ముట్టలేదు.

ఏడాది తిరిగెను. చెంచమ్మ ఆడుబిడ్డను కని కొండమ్మ యని పేరు పెట్టుకొనెను. పురుడు పోసిన దినము మొదలు ఆ యింటి నీళ్లకు నువ్వుల వాసన పట్టెను. కుండ మార్చిరి, బావి మార్చిరి, ఏటికి పోయి తెచ్చిరి. ఇంటి గడప దాటి లోపలికి రాగానే నీళ్లు నువ్వులనీళ్లే ఆయెను. ఆవము విప్పి చూడగా కాల్చిన కుండలన్నియు పెంకులై యుండెను. మరల చేసిరి, మరల కాల్చిరి, మరల పెంకులే. కొన్నవారి యిండ్లలో పాత కుండలు సయితము ఉట్టిమీదనే పగులనారంభించెను. కుంభవరము కుండ యన్నచో తాకుటకే జనులు జంకిరి. గంగన్న పరుల యింట మట్టి త్రొక్కుటకు కూలికి పోయెను. వీటన్నిటిని చెంచమ్మ ఓర్చుకొనెను. ఆరునెలల బిడ్డ చనుబాలు నోట పెట్టుకొని, మొగము చిట్లించి, పాలు ఉమిసివేసిన నాడు మాత్రము ఆమెకు కాలు చేయి ఆడలేదు.

ఆ దినము అమావాస్య. నడిమధ్యాహ్నము. గంగన్న పనికి పోయియుండెను. తలారివలె భుజమున కఱ్ఱ పెట్టుకొని ఒకడు వాకిట వచ్చి నిలిచెను. మెత్తని మాటవాడు. మొగమున కోపమైనను లేదు. వాడు నడచి వచ్చిన దుమ్ములో అడుగుల జాడ మాత్రము లేదు.

"ఓబలయ్య యాడున్నాడు?" అని అడిగెను.

పోయినాడని చెంచమ్మ అలవాటుగా చెప్పెను. వాడు తల అడ్డముగా ఊపెను.

"పోలేదే తల్లీ. గొడుగు వచ్చింది, చెప్పులు వచ్చినాయి, కూడు వచ్చింది, నీళ్లు వచ్చినాయి. మనిషి రాలేదు. పీట వేసి పెట్టినాము. ఖాళీగా ఉంది."

వేసిన పీట ఊరక ఎత్తు ఆచారము తమకు లేదనియు, నీళ్లు విడిచిన యింటినుండి ఒకరు వచ్చి అందు కూర్చుండవలసినదే యనియు, ఈ అమావాస్యతో కలిపి మూడవ అమావాస్య మధ్యాహ్నము తాను మరల వత్తుననియు వాడు చెప్పెను. పిమ్మట ఆమె యొడిలోని బిడ్డను చూచి, "ఆయన్ని తీసుకొని పోనా, ఈమెను తీసుకొని పోనా? నీళ్లు వదిలింది నువ్వు. నువ్వే చెప్పు" అనెను.

చెంచమ్మ బిడ్డను రొమ్మునకు అదుముకొని, "ఆయన్నే తీసుకొని పో. నల్లగుట్టలో ఉన్నాడు" అనెను.

గాలవా, ముక్కున వేలు వేసికొనకుము. ఒడిలో బిడ్డ యున్నది, వాకిట యమభటుడున్నాడు. అట్టిచోట నీవును నేనును ఏమందుమో ఎవరికి తెలియును? వాడు మంచిదని వెళ్లిపోయెను. చెంచమ్మకు ఊపిరి తిరిగినట్లాయెను. బిడ్డను పడుకొనబెట్టి, దాహము తీర్చుకొందమని చెంబెత్తగా గొంతు దిగనీయక నువ్వులు అడ్డుపడెను. అప్పుడామెకు తెలివి వచ్చెను. మున్ను తండ్రిని చచ్చినట్లు చెప్పితిని, ఇప్పుడు ఊరు పేరు చెప్పి చంపించుచున్నాను గదా యని నేల కూలబడెను.

తరువాతి ఆదివారమునాడు పొద్దు పొడుచువేళ ముసలి మంత్రసాని యొకతె ఆముదపు గిన్నె, కొడవలి చేతబట్టి వాకిటికి వచ్చి, ఈ యింట పురుడున్నదని విని వచ్చితిననెను. బిడ్డకు ఆరు నెలలు దాటినవని చెంచమ్మ చెప్పెను. ఆ బిడ్డ కాదులే, వేరొక బిడ్డ యున్నాడని ముసలిది అరుగుమీద చతికిలబడెను. చెంచమ్మ ఆమె ప్రక్కన కూర్చుండెను. ఏమనుకొనెనో యేమో, ఎవరికిని చెప్పని సంగతి యంతయు ఆ ముసలిదాని ముందు వెళ్లగ్రక్కెను. ముసలిది తిట్టలేదు, ఓదార్చనులేదు.

"నేను కూడా ఒక బిడ్డను చచ్చినాడని పారేసినదాన్నే. బతికే ఉన్నాడు. పోయి తెచ్చుకున్నా" అని మాత్రమనెను.

పిమ్మట మార్తాండ వ్రతమును ఇట్లు ఉపదేశించెను. ఆదివారమున స్నానము చేసి, ఎఱ్ఱని పూలతో సూర్యుని పూజించి, అడుగు లేని ముంత గుండా ఉదయించు బింబమును చూడవలెను. పాలు పొంగించి, ఇద్దరికి చాలునంత పరమాన్నము వండి, అందొక భాగము మూటగట్టుకొని, విడిచిన కన్నవారికడకు తానే నడచి పోవలెను. తాను చేసినది ఒక్క మాట దాచక చెప్పవలెను. వారు చెప్పునది అడ్డు తగులక వినవలెను. అటుపై చచ్చినవాడనిపించుకొన్నవానికి మరల పుట్టువు చేయవలెను. దాచినచో వ్రతము చెడుటయే కాదు, చావు దగ్గరపడునని హెచ్చరించి ముసలిది వెళ్లెను.

చెంచమ్మ మూడు వారములు వెనుకాడి, తుదకు ఒక ఆదివారమున వ్రతము పట్టి, బిడ్డను చంకనెత్తుకొని, రెండు దినములు నడచి నల్లగుట్ట చేరెను. ఓబలయ్య పెంకులు ఆరబెట్టుచుండెను. జుట్టు నెరసి, ఎముకల గూడై యుండెను. ఆమెను చూచి లేచి, మట్టిచేతులు పంచెకు తుడుచుకొనుచు, దగ్గరకు రావచ్చునో రాకూడదో తెలియక అక్కడనే నిలబడెను. చెంచమ్మ చెప్పవలసినదంతయు గొంతులో పెట్టుకొని, మా ఇంటికి రా నాయనా అని మాత్రమనెను. చెప్పినచో రాడేమోనని ఆమె భయము. అతనిని కాపాడుటకు పిలుచుచున్నదో, అప్పగించుటకు పిలుచుచున్నదో ఆమెకే తెలియదు. ఓబలయ్య ఆరీ ఆరని పెంకులను అట్లే వదలి, మనుమరాలిని భుజమున వేసికొని, దారి పొడుగున నవ్వుచు నడచెను. పొద్దు ఎదుటనుండెను. వెనుక చెంచమ్మ నీడ పడుచుండెను. బిడ్డ నీడ పొగవలె పలుచనై పడుచుండెను. ఓబలయ్యకు నీడయే లేదు. అది చూచియు ఆమె నోరు తెరవలేదు.

రెండవ అమావాస్య నాటికి వారు ఊరి పొలిమేర చేరిరి. అక్కడ బట్టలుతుకుచున్న ఆడువారు ఓబలయ్యను చూచి, కెవ్వున అరచి, బట్టలు విడిచి పరుగెత్తిరి. వారందరును వాని చావునకు మునిగినవారే గదా. వీండ్లెందుకు పరుగెత్తుచున్నారని ఓబలయ్య అడిగెను. చెంచమ్మ నేల చూచుచు, ఎండకు కండ్లు చెదరి యుండునని బొంకెను. ఆ మాట ముగియక మునుపే ఓబలయ్య మొదలు నరికిన మానువలె కూలెను. భుజముమీది బిడ్డ ఏడ్పు ఠక్కున ఆగెను. చేయి పెట్టి చూడగా ఇద్దరి ఒడళ్లును మంచువలె నుండెను. ఊపిరి మాత్రము సన్నగా ఆడుచుండెను. యముడు పంపిన వాడు నల్లగుట్ట వరకు నడువ నవసరము లేకుండ తానే తండ్రిని తెచ్చి వాని దారిలో పెట్టితినని చెంచమ్మ గుండెలు బాదుకొనెను.

ఊరివారు అతనిని లోపలికి రానీయలేదు. గంగన్న వచ్చి పొలిమేరలోని మట్టికొట్టమున పడుకొనబెట్టెను. ఓబలయ్య తెలివి వచ్చుచు, పోవుచు నుండెను. నీళ్లు పోసినచో ఉమిసివేయుచుండెను. బిడ్డ రోజురోజుకు చిక్కిపోవుచుండెను. ఇట్లు ఇరువది దినములు గడచెను. చెప్పవలెనని చెంచమ్మ దినమును కూర్చుండును, చెప్పలేక దినమును లేచిపోవును. మూడవ అమావాస్యకు పది దినములున్నదనగా ఆదివారము ఉదయమున మరల వ్రతము చేసి, పరమాన్నపు గిన్నెతో తండ్రి ముందు కూర్చుండి, నేలచూపు చూచుచు, గాజులవాని కబురు చెప్పెను. తొమ్మిదిని పండ్రెండన్నది చెప్పెను. దర్భకాకి సంగతి చెప్పెను. ఇక మిగిలినది ఒక్కటే. అది చెప్పుటకు ఆమెకు ఒక జాము పట్టెను. బిడ్డనా, తండ్రినా అని అడిగినప్పుడు నీ పేరు చెప్పితినని నేలకు నుదురాన్చి చెప్పెను.

ఓబలయ్య గిన్నెను మెల్లగా ప్రక్కకు జరిపెను. ఆ క్షణమున చెంచమ్మ పడిన భయము యమభటుని చూచినప్పుడును పడలేదు.

"తెలుసు తల్లీ" అనెను. "ఆ పది దినాలూ నా నోట్లో నువ్వులే. బతికుండంగా నాకు నీళ్లు వదిలేవాళ్లు ఇంకెవరున్నారు? నా మింద అంత కోపం ఉండాల్సింది నీకే."

అటుపై అతడు తన మాట చెప్పెను. భార్య కబురు మూడు మార్లును చేరినదట. మూడు మార్లును బండి కట్టి, మరల విప్పెనట. కుండల బేరము కాదు, ఆమె చావును కంటితో చూడవలసివచ్చునను భయమేనట. "నేను పిరికోణ్ణి. మీ అమ్మ నా కోసరం చూసి చూసి పోయింది. నువ్వు తలుపు తీయకపోతే నిన్నెట్లా అంటా? బిడ్డ జోలికి రాకుండా నన్నే పంపించు."

చెంచమ్మ అడ్డు తగులక యంతయు వినెను. విన్నంతసేపు కోపమును వచ్చెను, జాలియు వచ్చెను. కోపము పోయినదని నేను చెప్పను. అయినను ఆమె అతని పాదములు రెండును పట్టుకొని, "నిన్ను పంపను. నాకు నువ్వు కావాల నాయనా" అని గొల్లుమనెను. ఆ దినము ఓబలయ్య ఒక ముద్ద పరమాన్నము మ్రింగెను.

అప్పుడు మంత్రసాని మరల కనబడి, మనిషి పట్టునంత బాన చేయుమని చెప్పెను. చెంచమ్మ మట్టి త్రొక్కెను. ఓబలయ్య చాపమీదనుండి, ఇక్కడ మందమున్నది, అక్కడ తడి చాలదని చెప్పుచుండ, ఆమె చెక్కతో తట్టి తట్టి బానను పెంచెను. నీడపట్టున ఆరనిచ్చి ఆవములో పెట్టెను. అమావాస్య ఉదయమున ఆవము విప్పుటకు ఆమె చేతులు రాలేదు. గంగన్న విప్పెను. బాన ప్రక్కలు నిలిచినవి. అడుగు మాత్రము గుండ్రముగా ఊడి పడిపోయియుండెను. అంతయు అయిపోయినదని చెంచమ్మ తల పట్టుకొనెను.

"దీనికి అడుగెందుకే పిచ్చిదానా? బిడ్డ బయటికి వచ్చేది యట్లా?" అని మంత్రసాని కసరెను.

ఓబలయ్యను దుప్పటి కప్పి యింటిలోనికి తెచ్చిరి. బానను నేలమీద అడ్డముగా పరుండబెట్టి, లోపల నెయ్యి పూసిరి. అతని నడుమునకును చెంచమ్మ నడుమునకును ఒకే నూలుపోగు కట్టిరి. అతడు మూతివైపునుండి దూరి ప్రాకగా, ఆమె అడుగువైపు కూర్చుండి రెండు చేతులు చాచెను. తల వచ్చినది. భుజములు పట్టుకొనిపోయినవి. పొద్దు నడినెత్తిమీదకు వచ్చెను. వీధిలో కఱ్ఱ చప్పుడు వినవచ్చెను. చెంచమ్మకు కడుపులో నిజమైన నొప్పులు పుట్టెను. పండ్లు బిగబట్టి తండ్రి చంకలలో చేతులు వేసి లాగెను. చప్పుడు ఎదురింటి కడకు వచ్చెను. మరల లాగెను. ఓబలయ్య నేతితో తడిసి ఆమె యొడిలో పడి, పసిబిడ్డవలె ఎలుగెత్తి యేడ్చెను. మంత్రసాని నూలుపోగు కోసి, నాలుకకు తేనె నాకించి, తలను చేటలో పెట్టెను.

"ఓబలయ్య యాడున్నాడు?" అని వాకిట మెత్తని గొంతు వినబడెను.

చెంచమ్మ లేవలేదు. కూర్చున్నచోటనుండియే, "ఓబలయ్య పోయినాడు. నీళ్లు వదిలింది నేనే. కాకి ముట్టకపోతే అబద్ధం ముట్టించింది నేనే. తప్పు నాది" అనెను.

అయినచో చిన్నదానిని ఇమ్మని వాడు గడపమీదికి కాలెత్తెను.

"ఇది పురిటిల్లు. ఇప్పుడే బిడ్డ పుట్టినాడు. గడప తొక్కొద్దు" అని చెంచమ్మ అనెను.

పురిటి మైల గల యింట పితృకార్యము చెల్లదు. ఆ యింటి పీటయు నిలువదు. ఆ ధర్మము యముడు చేసినదే. వాడు ఎత్తిన కాలు ఎత్తినట్లే యుంచి లోపలికి తొంగి, చేటలోని నెరసిన తలను చాలసేపు చూచెను. "పేరేమి?" అని అడిగెను. పేరు లేనివానిని ఎవరైనను కొనిపోవచ్చును. ఆమె పేరు పెట్టలేదు. చెంచమ్మ గబాలున వంగి, తండ్రి చెవిలో మార్తాండయ్య, మార్తాండయ్య, మార్తాండయ్య యని ముమ్మారు పిలిచెను. వినవలసినవాడు ఒకడే గాని వీధి వీధియంతయు వినబడెను. ముసలివాడు కండ్లు తెరచి ఊఁ అని పలికెను.

వాడు కాలు వెనుకకు తీసికొనెను. "ఈ ఇంటికి వేసిన పీట ఎత్తేస్తాము. ఇంకోసారి వేయించొద్దు తల్లీ" అని చెప్పి వెళ్లిపోయెను. సందెవేళకు కొండమ్మ ఆకలికి ఏడ్చి, చనుబాలు కడుపునిండ త్రాగి నిద్రపోయినది. అది చూచి చెంచమ్మ మొదటిసారి నేలమీద ఒడలు వాల్చెను.

పదియవనాడు పురుడు తీరి స్నానము చేసిన పిదప చెంచమ్మ అలవాటున నాయనా యని పిలువబోయెను. మంత్రసాని ఆమె నోటిమీద చేయి పెట్టెను. నీవు కన్నావు, నీవు పేరు పెట్టితివి, ఇక ఇతడు నీకు కొడుకే, ఆ పిలుపు నీకిక లేదు, పిలిచితివా మరల పీట వేయుదురని చెప్పెను. చెంచమ్మ నిలువున కుంగెను. పదేండ్లకు పైగా పిలువదగినప్పుడు పిలువలేదు. గొంతు నిండ ఆ పిలుపు వచ్చి నిలిచినప్పుడు పిలువరాదాయెను. ఇంత తెలిసి యుండిన ఆ మలారమువాని వెంటనే పరుగెత్తి పోయియుందును గదా యని యేడ్చెను. ముసలిది ఆమె తల నిమిరి వెలుపలికి పోయి, ఎండలో కలిసిపోయెను. ఆమె మార్తాండుని కన్న అదితి యని పిమ్మట తెలిసికొనిరి.

ఆవము మరల మంచి కుండలనిచ్చెను. పోయిన బేరములు వెదకికొని వచ్చెను. మార్తాండయ్య పండ్రెండేండ్లు ఆ యింట సారె ప్రక్కన కూర్చుండి, మనుమరాలికి బొమ్మకుండలు చేసి యిచ్చుచు బ్రతికెను. ఊరిలో కొందరు కడవరకు వానిని చూచి దారి తప్పుకొనుచునే యుండిరి. చెంచమ్మ వేళకు పిలిచి అన్నము పెట్టెను, జ్వరము వచ్చిన ప్రక్కన కూర్చుండెను, పేరు పెట్టి పిలిచెను. పిలిచిన ప్రతిసారియు ఆమె గొంతు ఒక్క క్షణము ఆగి, అటుపై కదలెడిది.

రోమశుడు ఇట్లు చెప్పి ముగింపగా గాలవుడు ఫలమేమని అడుగుట మరచి, తన కన్నవారి యింటికి పోవుటకు పాదరక్షలు వెదకికొనుచుండెను. రోమశుడు అతనిని ఆపలేదు.

ఈ వ్రతమును కన్నవారితో మాట విడిచినవారు చేయవలెను. బిడ్డలను విడిచి పోయి, తిరిగి పోవుటకు మొగము చెల్లనివారును చేయవలెను, వారికి ఇది మరింత అవసరము. తప్పు తమది కాదని నమ్మినవారు తప్పక చేయవలెను. కొట్టి హింసించిన కన్నవారికి దూరముగ నున్నవారు ఆ గడప త్రొక్కనక్కరలేదు. దూరమునుండి, ఉన్నారని నిజము పలికిన చాలును. చేసినవారికి సిరులు కలుగునని పెద్దలందురు. కలుగవచ్చును. నేను ఎరిగినంతవరకు, పిలుపు ఉండగనే పిలుచుకొను భాగ్యము కలుగును. అంతకు మించిన ఫలము నాకు తెలియదు.

ఇప్పుడు అందరును అక్షతలు చేతిలోనికి తీసికొనుడు. శిరసున చల్లుకొనుటకు ముందు, మీలో ఎవరైనను బ్రతికియున్నవారిని లేరని చెప్పుకొనుచున్నచో, వారి పేరు పైకి చెప్పవలెను. గొణుగరాదు, ప్రక్కవారికి వినబడవలెను. చెప్పువారు లేరని కథకుడు తొందరపడి లేవరాదు. దీపము వెలుగుచుండనిండు. కూర్చుండుడు. ఎవరో ఒకరు చెప్పుదురు.